అవసరమైతే

సండర్లాండ్‌లో అక్టోబరు నెల ఏడున్నరకి గాని తెల్లారదు.
అప్పటికే నా చేతిలో ఆకుపచ్చ సిరా పెన్ను.
డాక్టర్లది నలుపు, ఫార్మసీ వాళ్ళది పచ్చ.
మంచం చివర వేలాడే అట్ట తీసి
రాత్రి ఎవరికి ఏ మందు పడిందో చదువుతాను.
చదవడమే నా ఉద్యోగం,
మనిషిని కాదు, మనిషి కాగితాన్ని.

ఈ నెల లెక్క తీయమన్నారు.
తుంటి, మోకాలు, పేగు, పిత్తాశయం,
కోత పడ్డవాళ్ళు నూట పన్నెండు మంది.
కోత తర్వాత ఎవరికేం రాశారు, ఎంత ఇచ్చారు.

ఉత్తరం పైన శ్రీ చుట్టినట్టు
ప్రతి చీటీకీ మొదట పారాసిటమాల్.
దాని కింద మార్ఫిన్ సిరప్పు.
దాని కింద, ఎవరికైనా గుర్తుంటే, విరేచనానికి సెన్నా.
గుర్తుండదు. నలభై ఒక్క చీటీల్లో లేదు.
మార్ఫిన్ పేగుని బిగదీస్తుందని పరీక్షలో రాసిన పిల్లలే,
నాలుగో రోజు ముసలాయన అన్నం ముట్టకపోతే
ఎందుకా అని తల గోక్కుంటారు.

ఇంటికి పంపేటప్పుడు కోడీన్, ఇరవై ఎనిమిది మాత్రలు.
ఎనభై తొమ్మిదేళ్ళ డోరీన్‌కీ ఇరవై ఎనిమిదే,
రగ్బీ ఆడే కుర్రాడికీ ఇరవై ఎనిమిదే.
ఎందుకలా అని కొత్త డాక్టర్ని అడిగాను.
"ముందున్నావిడ అలాగే రాసేదండీ."
ఆవిణ్ణీ పట్టుకుని అడిగాను ఫోన్లో.
ఆవిడకి ముందున్నాయన అలాగే రాసేవాడట.
ఎక్కాల పుస్తకంలో ఒక తప్పు అచ్చయితే
తరగతి తరగతంతా గొంతెత్తి ఆ తప్పునే వల్లిస్తుంది.

సరే, ఇదంతా రిపోర్టులో రాశాను.
నిద్ర పట్టనిది ఇంకొకందుకు.

మార్ఫిన్ పక్కన ఒక మాట ఉంటుంది: అవసరమైతే.
అడిగితే ఇస్తారు. ఇచ్చాక గడిలో సంతకం పెడతారు.
పదకొండో మంచం బ్రాడ్లీ గంట నొక్కుతాడు, కేకేస్తాడు,
అతని గడులు చీమల బారులా నిండుగా ఉంటాయి.
పద్నాలుగో మంచం సాలెహ్ ముక్బిల్,
సౌత్ షీల్డ్స్‌లో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడు.
పేగులో జానెడు కోసి తీశారు.
నాలుగు రోజుల్లో రెండే సంతకాలు.
ఖాళీ గడి అంటే నొప్పి లేదని లెక్క.
నేనూ అలాగే లెక్కేశాను.

ఆవేళ ఎందుకో అట్ట మీంచి తలెత్తాను.
మంచం కమ్మీని పట్టుకున్న చెయ్యి,
కణుపులు సున్నం కొట్టినట్టు తెల్లగా.
పదికి ఎంత నొప్పండీ, అన్నాను.
"ఆ పిల్ల రాత్రంతా పరిగెడుతూనే ఉందమ్మా,
చెప్పుల్లోంచి మడమలు బయటికొచ్చేస్తున్నాయి" అన్నాడు.
అది అంకె కాదు కదా.

మూడేళ్ళ కిందట ఇదే వార్డులో, కిటికీ పక్క మంచం, నేను.
సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు,
కుట్ల దగ్గర గుంజుడు వేరు.
నాది ఏదో నాకు తెలుసు.
దానికి ఇంగ్లీషులో మాట వెతుక్కునేలోపు
కర్టెన్ వేసి నర్సు వెళ్ళిపోయింది.
ఆ రాత్రి నా గడి ఖాళీ.
తెల్లారి నాలాంటి ఎవరో, పచ్చ పెన్నుతో వచ్చి,
పరవాలేదని టిక్కు పెట్టి ఉంటారు.

మళ్ళీ నూట పన్నెండు చీటీలూ ముందేసుకున్నాను.
ఖాళీ గడుల పేర్లు విడిగా ఒక కాగితం మీద.
పూర్తిగా చెప్పను, ఆ కాగితం ఇంకా నా సంచీలోనే ఉంది.
ముక్బిల్, చెన్, ఓకఫోర్, తర్వాత డోరీన్.
డోరీన్ ఇక్కడి మనిషే,
కాకపోతే జన్మలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.

డాక్టర్ని పిలిచి నిలబెట్టి
'అవసరమైతే' కొట్టించి
'ఆరు గంటలకోసారి' రాయించాను.
పక్కన పచ్చగా నా పొడి అక్షరాలు.

మర్నాడు ముక్బిల్ కమ్మీ వదిలేసి
టీలో బిస్కట్టు ముంచుకుంటున్నాడు.
పదికి ఎంతండీ, అన్నాను.
బిస్కట్టు విరిగి కప్పులో పడిపోయింది.
చెంచాతో దాన్ని వెతుకుతూ, నా వైపు చూడకుండా,
"నిన్న ఎనిమిది" అన్నాడు.